ఆఫీసర్‌వి అయ్యావు సరే, ముందు చెత్తబుట్ట మూత తియ్యి

ప్రశ్న:

అక్కా, మాది ఖమ్మం దగ్గర. ఇంగ్లండ్‌లో ఉత్తరాన ఒక యూనివర్సిటీలో ఏడాది ఎమ్మెస్సీ చేస్తున్నా. అక్టోబర్‌లో స్టూడెంట్స్ యూనియన్ ఉప ఎన్నికల్లో ఎథికల్ అండ్ ఎన్విరాన్‌మెంటల్ ఆఫీసర్ పోస్టు ఖాళీగా ఉందంటే సరదాగా నామినేషన్ వేశా. పోటీ ఎవరూ లేరు, గెలిచా. జీతం లేదు. ఇప్పుడు టెన్షన్ మొదలైంది. నా కమిటీ వాళ్లేమో కెరీర్ ఫెయిర్‌కి చమురు కంపెనీల్ని రానివ్వకూడదని తీర్మానం పెట్టమంటున్నారు. నా తెలుగు ఫ్రెండ్సేమో "మా లోన్ నువ్వు కడతావా?" అంటున్నారు. "విమానమెక్కి వచ్చినవాడివి, నీకెందుకు పర్యావరణం" అని ఇంకొకడు. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకున్న కంచ గచ్చిబౌలిలో మావాళ్లు బుల్డోజర్ల ముందు నిలబడ్డారు, నేనిక్కడ కాఫీ కప్పుల మీద మీటింగులు పెడుతున్నానని సిగ్గుగా ఉంది. నా బడ్జెట్‌లో 300 పౌండ్లున్నాయి, అవైనా వాళ్లకు పంపొచ్చా? లేక రాజీనామా చేసి చదువుకోనా? ఈ పదవేంటో అమ్మకు ఎలా చెప్పాలో కూడా తెలియట్లేదు.

– పేరు వద్దు

సమాధానం:

తమ్ముడూ, రాజీనామా సంగతి తర్వాత చూద్దాం, ముందు ఒక సవరణ. పోటీ ఎవరూ లేరన్నావు. ఉన్నారు. బ్యాలెట్‌లో నీ పేరు కింద 'రాన్' అని ఉండి ఉంటుంది, గుర్తు చేసుకో. రీ-ఓపెన్ నామినేషన్స్, అంటే ఇతను వద్దు, మళ్లీ నామినేషన్లు పిలవండి అని. మన నోటా లాంటిదే, కాకపోతే కోరలున్న నోటా, అది గెలిస్తే ఎన్నిక మళ్లీ జరపాల్సిందే. నువ్వు దాని మీద గెలిచావు. ఎవరూ లేక నాకు దక్కిందనే మాట ఇక ఎక్కడా అనకు, ముఖ్యంగా ఎస్టేట్స్ ఆఫీసు, అంటే క్యాంపస్ భవనాలు, చెత్త సంగతి చూసుకునే విభాగం వాళ్ల ముందు అనకు, ఆ మాట కోసమే వాళ్లు ఎదురుచూస్తుంటారు.

నేను ఈ పని చేసింది 2014–15లో, ఇంగ్లండ్‌లోనే, వేరే ఊళ్లో. నాకు ముందున్నమ్మాయి అప్పగించినవి రెండే: ఒక బీరువా తాళం, ఒక అట్టపెట్టె నిండా ఫెయిర్‌ట్రేడ్ బ్యాడ్జీలు, కాఫీ లాంటివి పండించే రైతుకు న్యాయమైన ధర ఇవ్వాలనే ప్రచారం అది. బీరువాలో ఏముందో అని తీస్తే ఇంకో పెట్టె బ్యాడ్జీలు. మొదటి నెలంతా పోస్టర్లే వేశాను. కాగితం ఆదా చేయండి అని రెండు వందల కాగితాల మీద ప్రింట్ తీయించి గోడలన్నిటికీ అతికించా, అందులో తప్పేంటో ఒక సెకండియర్ కుర్రాడు నవ్వుతూ చెప్పేదాకా నాకు తట్టలేదు.

అసలు పని నేర్పింది లైబ్రరీలో ఊడ్చే ఒక పెద్దావిడ. రీసైక్లింగ్ బుట్టల్లో వేసిందంతా చివరికి మామూలు చెత్తలోనే కలిపేస్తున్నారని క్యాంపస్‌లో పుకారు ఉండేది. నిజమేనని తేలింది కూడా. నేను ఆవేశపడి ఎస్టేట్స్‌కు పెద్ద ఈమెయిల్ కొట్టా, జవాబు లేదు. ఆవిడ మాత్రం "రేపు పొద్దున ఐదున్నరకు రా, చూపిస్తా" అంది. వెళ్లా. గ్రౌండ్ ఫ్లోర్‌లో నీలం బుట్ట మూత తీసింది. పైన ఒక కాఫీ కప్పు పక్కకు ఒరిగి ఉంది, అందులో సగం కాఫీ కిందకు కారి, కిందున్న ప్రింటవుట్లన్నీ గోధుమరంగులో నాని ముద్దయిపోయాయి, వాటికి సగం తిన్న శాండ్‌విచ్ మయోనీస్‌తో సహా అతుక్కుని ఉంది. "దీన్ని నువ్వైతే ఏ సంచిలో వేస్తావు?" అని అడిగింది. ఇలాంటి సంచులు పడితే రీసైక్లింగ్ లోడ్ మొత్తాన్ని వెనక్కి కొట్టే ప్రమాదం ఉంది, అందుకని ఆవిడ దాన్ని నల్ల సంచిలో కట్టేస్తోంది. పక్కన ఒక బకెట్ పెట్టించండి, మిగిలిన కాఫీ అందులో ఒంపుతారు అని రెండేళ్లుగా సూపర్‌వైజర్‌కి చెబుతోందట. బకెట్ పెట్టించా. ఖర్చు నా పోస్టర్లలో పదో వంతు కూడా కాలేదు. ఆ ఫ్లోర్‌లో బుట్ట బాగుపడింది. పై ఫ్లోర్లలో బకెట్ మెట్ల దారికి అడ్డమని ఫైర్ సేఫ్టీ వాళ్లు తీసేశారు, అది వేరే కథ.

కాబట్టి కాఫీ కప్పుల గురించి సిగ్గుపడకు. కప్పు కాగితంలా కనిపించినా లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది, కాగితం బుట్టలో వేస్తే పనికిరాదు, ఈ సంగతి క్యాంపస్‌లో ఎంతమందికి తెలుసో రేపు అడిగి చూడు. పైగా నా రోజుల్లో లేని ఆయుధం నీ చేతిలో ఉంది. 2025 మార్చి 31 నుంచి ఇంగ్లండ్‌లో పదిమంది, ఆపైన ఉద్యోగులున్న ప్రతి సంస్థా ఆహార వ్యర్థాల్ని, రీసైకిల్ అయ్యేవాటిని మామూలు చెత్తతో కలపకుండా విడిగా ఇవ్వాలని చట్టమే వచ్చింది. నువ్వు బతిమాలే పనే లేదు, "మన దగ్గర ఇది ఎలా అమలవుతోంది, ఒకసారి చూపిస్తారా" అని అడుగు. కూర్చుని కాదు, నడుస్తూ చూడు. పొద్దున ఐదున్నరకు.

అక్కడికి వెళ్లినప్పుడు నీ పదవి పేరులో మొదటి సగం కూడా కనిపిస్తుంది. ఎథికల్ అంటే దూరదేశాల కాఫీ రైతు ఒక్కడే కాదు, ఆ బుట్ట ఎత్తే మనిషి ఎవరి ఉద్యోగి, యూనివర్సిటీ ఉద్యోగా, కాంట్రాక్టర్ మనిషా, గంటకు ఎంత ఇస్తున్నారు, ఒంట్లో బాగోకపోతే జీతం వస్తుందా అన్నది. లండన్‌లో క్వీన్ మేరీ యూనివర్సిటీ 2006లోనే లివింగ్ వేజ్‌కి ఒప్పుకుంది, అంటే చట్టం చెప్పే కనీస వేతనం కాకుండా బతకడానికి సరిపోయే వేతనం. మీ దగ్గర ఏముందో కనుక్కో. అన్నట్టు, ఆ తెల్లవారుజాము షిఫ్టుల్లో మన తెలుగు కుర్రాళ్లు కూడా ఉంటారు, నీకు తెలియనిదేం కాదు. "మా లోన్ నువ్వు కడతావా" అన్నవాడు కూడా వాళ్లలో ఒకడేమో.

ఇక 300 పౌండ్లు. పంపకూడదు. ఇది నా అభిప్రాయం కాదు, అక్కడ యూనియన్లు చట్టం దృష్టిలో ధర్మసంస్థలు, వాటి డబ్బు తమ విద్యార్థుల మేలుకే ఖర్చు పెట్టాలి. 1972లోనే ససెక్స్ యూనివర్సిటీ యూనియన్ మీద కేసు పడింది. వాళ్లు వార్ ఆన్ వాంట్ అనే సేవాసంస్థకు విరాళం ఇవ్వబోయారు, బడిపిల్లలకు ఉచిత పాలు ఆపేస్తున్నారని జరిగే ఉద్యమానికి కూడా ఇవ్వబోయారు. రెండూ మంచి పనులే, అయినా కోర్టు కుదరదంది. నువ్వు సంతకం పెట్టి పంపితే రేపు ఆడిట్‌లో అడిగేది నిన్నే. కావాలంటే 'రాగ్' వాళ్ల దగ్గరికి వెళ్లు, విరాళాలు పోగుచేసే విద్యార్థుల విభాగం అది, వాళ్ల రూల్స్ ప్రకారం ఏ విరాళం ఎటు పంపొచ్చో వాళ్లే చెబుతారు. యూనియన్ నిధి వేరు, హుండీ వేరు. గచ్చిబౌలి గురించి ఒక సాయంత్రం సభ పెట్టొచ్చు కదా, నాలుగు వందల ఎకరాలు, బుల్డోజర్లు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమనడం, అన్నీ చెప్పు. ఒక యూనివర్సిటీ నేల ఎవరిది అనే ప్రశ్న మీ క్యాంపస్‌కు కూడా సంబంధించిందే, అక్కడ కూడా కార్ పార్కింగ్ కోసమో కొత్త హాస్టల్ కోసమో ఏదో ఒక చెట్లగుంపు మీద మార్కులు పడే ఉంటాయి.

విమానం సంగతి. అది నీ నోరు మూయించడానికి వేసే ప్రశ్న, జవాబు తెలుసుకోవడానికి కాదు. నువ్వు పవిత్రుడివని ఎవరూ ఓటు వేయలేదు. యూనివర్సిటీ ఏం కొంటోంది, ఎక్కడ డబ్బు దాస్తోంది, ఎవరి పేరు గోడ మీద రాయిస్తోంది అని అడగడానికి వేశారు. ఆ ప్రశ్న విమానమెక్కినవాడు అడిగినా అదే ప్రశ్న. నవ్వేసి వదిలెయ్.

కెరీర్ ఫెయిర్ దగ్గరికి వస్తా, నీ ఉత్తరంలో నిజంగా బరువున్నది ఇదే. మీ కమిటీ వాళ్లు ఊరికే అనట్లేదు. 2022లో లండన్‌లో బర్క్‌బెక్ కాలేజీ చమురు, గ్యాస్ కంపెనీలతో తమ కెరీర్ సర్వీస్‌కి సంబంధం ఉండదని విధానం పెట్టింది, బ్రిటన్‌లో అలా చేసిన మొదటి యూనివర్సిటీ అదే, ఆ తర్వాత ఇంకొన్ని అదే బాట పట్టాయి. మీ ఫ్రెండ్స్ కూడా ఊరికే అనట్లేదు. ఇంట్లో పొలమో ఇల్లో తాకట్టు పెట్టి వచ్చినవాడికి, వర్క్ వీసాకి స్పాన్సర్‌షిప్ ఇచ్చే కంపెనీలు చేతివేళ్ల మీద లెక్కపెట్టేలా కనిపిస్తున్నప్పుడు, అందులో రెండు వేళ్లు నువ్వు మడిచేస్తే మండుతుంది మరి.

నా మాట అడిగితే ఈ ఏడాది అక్కడ మొదలుపెట్టకు. ఒక కంపెనీకి యూనివర్సిటీతో మూడు రకాల బంధాలుంటాయి. యూనివర్సిటీ నిధి వాళ్ల షేర్లలో ఉండొచ్చు, వాళ్ల పేరు మన ల్యాబ్ మీద ఉండొచ్చు, వాళ్లు మన పిల్లల్ని ఉద్యోగాల్లోకి తీసుకోవచ్చు. మూడోదాని మీద దెబ్బ కొడితే ముందు తగిలేది దారులు తక్కువున్నవాళ్లకి, మొదటిదాని మీద కొడితే వైస్ ఛాన్సలర్ ఆఫీసుకి. నేనైతే ముందు అక్కడ కొడతా. లండన్‌లో సొంత ఫ్లాట్ ఉన్న పిల్లలు ఫెయిర్ బహిష్కరిద్దాం అన్నప్పుడు నా కమిటీలో నేనూ చప్పట్లు కొట్టాను, ఆ రాత్రే నా రూమ్మేట్ నాతో మాట్లాడటం మానేసింది, నెల పట్టింది మళ్లీ కలిసి అన్నం తినడానికి. ఆమె తప్పేమీ లేదు.

తీర్మానం పెట్టక తప్పదంటే, పెట్టేముందు ఒక పని చెయ్యి. వీసా స్పాన్సర్ లైసెన్స్ ఉన్న సంస్థల జాబితాను హోం ఆఫీస్ బహిరంగంగానే పెడుతుంది. ఫెయిర్‌కి వస్తున్న కంపెనీల పేర్లు తీసుకుని అందులో ఉన్నాయో లేదో చూడు. లైసెన్స్ ఉన్నంత మాత్రాన ప్రతి ఉద్యోగానికీ స్పాన్సర్ చేస్తారని కాదు, కాబట్టి ఆ స్టాల్ దగ్గర నిలబడి "మా బ్యాచ్‌లో ఎవరికైనా ఇస్తారా" అని మొహమాటం లేకుండా అడుగు. కొన్ని స్టాళ్ల దగ్గర మనవాళ్లకు దొరికేది పెన్నూ సంచీ మాత్రమేనని తేలుతుంది. అప్పుడు వాదన రూపమే మారిపోతుంది. తీర్మానంలో "వీళ్లు వద్దు" అనే వాక్యం ఒక్కటే ఉండకూడదు, విద్యుత్ గ్రిడ్, నీటి కంపెనీలు, సముద్రంలో గాలిమరల వాళ్లను కెరీర్ సర్వీస్ పట్టుబట్టి పిలవాలి అని కూడా ఉండాలి. మీ ఉత్తరాదిలోనే హల్‌లో గాలిమరల రెక్కలు చేసే సీమెన్స్ గమేసా ఫ్యాక్టరీ ఉంది, మెకానికల్ చదివేవాళ్లను ఒకరోజు బస్సు పెట్టించి తీసుకెళ్లగలవేమో చూడు. ఒక్క బస్సు ట్రిప్పుకి వచ్చే పేరు పది తీర్మానాలకు రాదు.

షేర్ల సంగతి ఎలా తెలుసుకోవాలంటే, మన ఆర్‌టీఐ లాంటిదే అక్కడ ఫ్రీడమ్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ (ఎఫ్‌ఓఐ) చట్టం ఉంది, యూనివర్సిటీలు దాని కిందకు వస్తాయి. మన దగ్గర 30 రోజులు, అక్కడ 20 పనిదినాలు. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ కూడా అక్కర్లేదు, ఈమెయిల్ చాలు. "మీ పెట్టుబడులన్నీ చెప్పండి" అని అడగకు, వెతకడానికి 18 గంటలకు మించి పట్టే ప్రశ్నను తిప్పికొట్టొచ్చు. ఫలానా తేదీ నాటికి యూనివర్సిటీ నిధి ఏయే కంపెనీల్లో, ఏయే ఫండ్లలో ఎంతెంత ఉంది అని ఒక్క వాక్యంలో అడుగు. దానికంటే ముందు పీపుల్ అండ్ ప్లానెట్ అనే విద్యార్థి ఉద్యమ సంస్థ వాళ్లు యూనివర్సిటీలకు ర్యాంకులిచ్చే లీగ్ పట్టికలో మీది ఎక్కడుందో, ఏ అంశంలో మార్కులు పోయాయో చూడు, సగం హోంవర్క్ అక్కడే అయిపోతుంది. ర్యాంకు పడిపోతే యూనివర్సిటీకి కోపం వస్తుంది. ఆ కోపం నీకు పనికొస్తుంది.

2014 అక్టోబర్‌లో గ్లాస్గో యూనివర్సిటీ చమురు, బొగ్గు కంపెనీల నుంచి పెట్టుబడులు వెనక్కి తీసుకుంటానంది, యూరప్‌లోనే మొదటిది, కోటీ ఎనభై లక్షల పౌండ్లు, పదేళ్లలో. ఆ వార్త వచ్చినప్పుడు నేను పదవిలోకి వచ్చి కొన్ని వారాలే. మాదీ వచ్చే టర్మ్‌లో అయిపోతుందనుకున్నా! కేంబ్రిడ్జ్ లాంటిదే 2020 అక్టోబర్‌లో ఒప్పుకుంది, అదీ 2030 నాటికి పూర్తిచేస్తానని. ఇప్పుడు బ్రిటన్‌లో వందకు పైగా యూనివర్సిటీలు మాట ఇచ్చాయి. మీది ఆ జాబితాలో ఉంటే మాట నిలబెట్టుకుందో లేదో చూడటమే నీ పని, అది ఇంకా సులువు.

మీటింగుల గురించి ఒక్కటే చెబుతా. అక్కడ తీర్మానానికి మూడు అంగాలు: యూనియన్ గమనించింది, యూనియన్ నమ్ముతోంది, యూనియన్ నిర్ణయించింది. కుర్రాళ్లు మొదటి రెండూ పేజీలు పేజీలు రాసి మూడోదానిలో 'ప్రచారం చేయాలి' అని వదిలేస్తారు. నువ్వు మూడోది ముందు రాయి. ఎవరు, ఏ తేదీలోపు, ఎవరికి ఉత్తరం రాయాలి. ఇంకోటి, కోరం. నా మొదటి తీర్మానం ఓటింగ్‌కి వచ్చేసరికి నలుగురు బార్‌కు వెళ్లిపోయారు, కోరం పోయింది, తీర్మానం వచ్చే నెలకు పోయింది. ఆ తర్వాత నుంచి సమోసాలు పెట్టించా, ఓటు అయ్యాకే పెట్టె తెరిచేదాన్ని.

నువ్వు అడగలేదు కానీ బీఫ్ వచ్చి తీరుతుంది, చెప్పేస్తా. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ క్యాంటీన్లలో 2016 నుంచి గొడ్డుమాంసం, గొర్రెమాంసం లేవు, గోల్డ్‌స్మిత్స్ 2019లో బీఫ్ ఆపింది, స్టర్లింగ్ విద్యార్థులు 2022లో యూనియన్ వంటశాలలన్నీ పాలు, గుడ్లు కూడా లేని వీగన్ ఆహారానికి మారాలని ఓటేశారు. మీ దగ్గర కూడా ఎవరో తెస్తారు, తెచ్చినప్పుడు "నువ్వు ఇండియన్‌వి, నీకు సంతోషమే కదా" అంటారు. ఆ వలలో పడకు. అక్కడ అది కార్బన్ లెక్క, మన దగ్గర అది ఎవరి కంచంలో ఏముందని ఎవరు ఎవర్ని కొట్టారనే లెక్క. 2012లో ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్‌కి ఏమైందో నీ వయసువాళ్లకు గుర్తుండదు, ఇంట్లో పెద్దవాళ్లను అడుగు. మీ తెలుగు గ్రూపులోనే తినేవాళ్లుంటారు, అక్కడికొచ్చాకే బయటకు చెప్పగలుగుతున్నవాళ్లుంటారు. నువ్వు ఓటు ఎటు వేసినా ఉద్గారాల అంకెలతో మాట్లాడు, దేవుడి మాట రానివ్వకు. నేనైతే తగ్గించడానికి వేస్తా, నిషేధానికి వేయను.

వీసా. వారానికి 20 గంటల లెక్కలో కొన్ని జీతం లేని పనులు కూడా కలుస్తాయి, కొన్ని కలవవు, హోం ఆఫీస్ వాలంటీరింగ్ వేరు, వాలంటరీ వర్క్ వేరు అంటుంది. నీ పదవి దేని కిందకు వస్తుందో ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తీసుకో, వాట్సాప్ గ్రూపులో సీనియర్లను అడిగి ఊరుకోకు. వారానికి నాలుగైదు గంటలకు మించి ఈ పనికి ఇవ్వకు కూడా.

రాజీనామా అయితే ఇప్పుడు వద్దు. ఫిబ్రవరి–మార్చిలో అసలు ఎన్నికలు వస్తాయి, అప్పటిదాకా ఒక బుట్ట, ఒక ఎఫ్‌ఓఐ ఈమెయిల్, కుదిరితే ఒక బస్సు. అప్పటికీ డిసర్టేషన్ మీద పడుతుంటే ఫ్రెష్‌గా ఎన్నికైనవాడికి అప్పగించి దిగిపో. ఏమైనా సెప్టెంబర్‌కి నీ కోర్సు అయిపోతుంది, కాబట్టి ఈ రోజు నుంచే ఒక ఫైల్ తెరిచి రాస్తూ ఉండు: ఎవరిని కలిశావు, ఏమన్నారు, ఏ ఉత్తరానికి జవాబు రాలేదు, ఎస్టేట్స్‌లో నిజంగా పని చేసేదెవరు. వచ్చేవాడికి బ్యాడ్జీల పెట్టె మాత్రం ఇవ్వకు. వెళ్లే ముందు ఇంకో పని, వేసవిలో మనవాళ్లు గదులు ఖాళీ చేసేటప్పుడు ప్రెషర్ కుక్కర్లు, రైస్ కుక్కర్లు, దుప్పట్లు, ఇంకా సీల్ తీయని పచ్చడి సీసాలు అన్నీ చెత్త కుండీ పక్కన వదిలేస్తారు. చాలా యూనివర్సిటీల్లో బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ వాళ్ల సేకరణ పెట్టెలుంటాయి, అవి హాస్టల్ దగ్గర ఎప్పుడు పెడతారో ముందే కనుక్కో. కుక్కర్లు మాత్రం అందులో వేయనివ్వకు, సెప్టెంబర్‌లో దిగే కొత్త బ్యాచ్‌కి దాచిపెట్టు, ఆ దేశంలో మనవాళ్ల కుక్కర్‌కి ఉన్న విలువ వాళ్లకేం తెలుసు.

అమ్మకు 'ఆఫీసర్' అని చెప్పు, మిగతాది తనే చూసుకుంటుంది. మా అమ్మ మా వీధి మొత్తానికి లండన్‌లో పర్యావరణ శాఖలో ఆఫీసర్‌నని చెప్పింది, నేనున్న ఊరు లండన్ కూడా కాదు. ఒక పెద్దాయన తన చెరువు కబ్జా కాగితాలు స్కాన్ చేసి నాకు పంపించాడు, నిజంగా. జీతమెంత అని ఎవరో అడిగితే మాత్రం అమ్మ మాట మార్చేసేదట.